కొండబాట సైకిలు: ఏ భాగమును ముందు మార్చవలెను?

సైకిలును గూర్చి వ్యాసమేమిటని మా పాఠకులలో కొందరు చిరునవ్వు నవ్వవచ్చును. కళాశాల సంచికలో కవిత్వమునకు, చరిత్రకు, విజ్ఞానశాస్త్రమునకు చోటుండుట వాడుక. సైకిలుకు చోటు స్టాండులోనే. అయినను ఈ సంవత్సరము మా విద్యార్థి యొకడు వచ్చి అడిగిన ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పుటకు మాకు మూడు సాయంకాలములు పట్టినది. ఆ మూడు సాయంకాలముల సారమునే ఇచట వ్రాయుచున్నాము.

ఆ అబ్బాయి రెండేండ్లుగా ఇరుగుపొరుగు పిల్లలకు లెక్కలు చెప్పి ముప్పది వేల రూపాయలు కూడబెట్టెను. అతనికి ఒక మౌంటెన్ బైకు గలదు. దానినే బాగుచేసికొని క్రాస్ కంట్రీ పోటీలలో పాల్గొనవలెననియు, ఆదివారములందు వికారాబాదు సమీపమున గల అనంతగిరి కొండల బాటలలో తిరుగవలెననియు అతని కోరిక. చేతిలో ఒక జాబితా: కార్బన్ హ్యాండిలు, కొత్త ఫోర్కు, పండ్రెండు గేర్ల సెట్టు, తేలిక చక్రములు, మీట నొక్కినంతనే క్రిందికి దిగు సీటు పోస్టు. "సార్, వీటిలో ఏది ముందు కొనమంటారు?" అని అడిగెను. జాబితాలోనివన్నియు మంచి వస్తువులే. కాని అతని సైకిలును చూడకుండ దానికి సమాధానము చెప్పుట సాధ్యము కాదు.

ముందు పేర్లను స్పష్టము చేసికొందము. ముందు చక్రమునకు మాత్రమే సస్పెన్షన్ ఉండి, వెనుక భాగము కదలని చట్రముగా నున్న సైకిలును హార్డ్‌టెయిల్ అందురు. రెండు చక్రములకును సస్పెన్షన్ ఉన్నచో అది ఫుల్ సస్పెన్షన్. హార్డ్‌టెయిల్‌లో కీళ్లు తక్కువ, బరువు తక్కువ, వెల తక్కువ, మరమ్మతు తక్కువ. ఒకే ధరలో రెండింటిని పోల్చినపుడు హార్డ్‌టెయిల్‌కు మెరుగైన ఫోర్కు, మెరుగైన బ్రేకులు లభించును. విద్యార్థికి ఇదియే తగినదని మా అభిప్రాయము.

ఈ సైకిలు పుట్టుక గూడ విద్యార్థుల కథ వంటిదే. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున మారిన్ జిల్లాలో 1976 అక్టోబరు నుండి కొందరు యువకులు పాత బరువు సైకిళ్లతో కొండ దిగువకు పందెములు వేసికొనిరి. ఆ బాట పేరు రీప్యాక్. ఒక్కసారి దిగుసరికి వెనుక హబ్బులోని బ్రేకు వేడెక్కి గ్రీజంతయు కాలిపోయెడిది. మరల గ్రీజు నింపనిదే సైకిలు పనిచేయదు గనుక బాటకు ఆ పేరే నిలిచినది. వారిలో ఒకడైన జో బ్రీజ్ 1977లో ఈ పనికే ప్రత్యేకముగా చట్రమును నిర్మించెను. 1989లో రాక్‌షాక్స్ వారి ఆర్‌ఎస్-1 ఫోర్కు వచ్చిన పిమ్మట ముందు చక్రమునకు సస్పెన్షన్ వ్యాపించెను. 1990లో కొలరాడో రాష్ట్రమందలి డురాంగోలో తొలి అధికారిక ప్రపంచ పోటీలు జరిగెను. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో క్రాస్ కంట్రీ చేరినది. పురుషులలో నెదర్లాండ్స్‌కు చెందిన బార్ట్ బ్రెంట్యెన్స్, స్త్రీలలో ఇటలీకి చెందిన పావోలా పెట్సో స్వర్ణపతకములు గెలుచుకొనిరి. మన దేశమున భారత సైక్లింగ్ సమాఖ్య జాతీయ స్థాయి మౌంటెన్ బైక్ పోటీలను నిర్వహించుచున్నది.

చరిత్ర ఇంతటితో చాలును. ప్రశ్నకు వత్తము.

సైకిలులో మార్చదగిన భాగములు అనేకము. మార్చుటకు వీలు కానిది ఒక్కటే, ఫ్రేము. ఏ భాగమును తెచ్చినను అది ఫ్రేముకు కుదురవలెను. కాబట్టి దుకాణమునకు పోవుటకు ముందు చేయవలసిన పని కొలుచుట. ఈ మాటను మేము గ్రంథములలో చదివి చెప్పుట లేదు. కొన్నేండ్ల క్రిందట మేమే నగరములోని ఒక దుకాణములో "ఏ సైకిలుకైనను సరిపోవును" అను మాట నమ్మి ఫోర్కు నొకదానిని కొంటిమి. ఇంటికి తెచ్చి చూడగా దాని కాడ క్రింది భాగమున ఒకటిన్నర అంగుళము లావు. మా సైకిలు హెడ్ ట్యూబు పైనుండి క్రిందివరకు ఒకే లావు గల పాత పద్ధతిది. అందులో పట్టునది అంగుళమున్నర పావు కాదు, ఒకటిన్నర అంగుళము కాదు, ఒకటింబావు కూడ కాదు, ఒక అంగుళము పైన ఎనిమిదవ వంతు మాత్రమే, అనగా 28.6 మిల్లీమీటర్ల కాడ. అంతటితో పోలేదు. ఆ ఫోర్కు కాళ్ల మధ్య వెడల్పు 110 మిల్లీమీటర్లు, ఇరుసు లావు 15. మా ముందు చక్రపు హబ్బు 100 మిల్లీమీటర్లది, సన్నని క్విక్ రిలీజ్ కడ్డీది. కాడ దూరినను చక్రము కుదిరెడిది కాదు. దుకాణదారు వస్తువును తిరిగి తీసికొనలేదు. మేము సైకిలు బాగుచేయించుకొను ఉస్తాదు గారు ఆ ఫోర్కును అటునిటు త్రిప్పి చూచి, "దీనికి తగ్గ సైకిలు కొనుక్కోండి సార్, ఫోర్కు పాడు కాదులే" అనిరి. ఆ ఫోర్కు నేటికిని మా అటకపై గలదు.

కనుక ఆ అబ్బాయి సైకిలును వరండాలో తలక్రిందులుగ నిలిపి స్కేలుతో, వెర్నియర్ కాలిపర్‌తో కొలిచితిమి. భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని వెర్నియర్‌కు ఇంత ఉపయోగము ఉండునని మా విద్యార్థులు అనుకొనలేదు. చూడవలసినవి ఇవి. హెడ్ ట్యూబు నేరుగా నున్నదా, క్రిందికి వెడల్పగుచున్నదా? వెనుక చక్రము ఇరుసు 135 మిల్లీమీటర్ల క్విక్ రిలీజ్‌దా, 142దా, 148దా? చివరి రెండును ఫ్రేములోనికి మరలు బిగించు 12 మిల్లీమీటర్ల లావు ఇరుసులు. 148 కొలతను బూస్టు అందురు. సీటు పోస్టు లావు 27.2, 30.9, 31.6లలో ఏది? వెనుక గేరు పండ్లు హబ్బుపై మరలా తిరుగు పాత ఫ్రీవీలా, గాళ్లలో జారి కూర్చుండు క్యాసెట్టా? వెనుక ఫ్రేము కాళ్ల మధ్య ఎంత వెడల్పు టైరు పట్టును? చక్రము 29 అంగుళములదా, 27.5దా? ఈ అంగుళముల లెక్క కొంత మోసకరము గనుక రిమ్ముపై టైరు కూర్చుండు వ్యాసమును మిల్లీమీటర్లలో చదువుట మేలు: 29కి 622, 27.5కి 584, పాత 26కి 559. ఈ సంఖ్య టైరు ప్రక్కన అచ్చయియుండును.

అతని సైకిలు 29 అంగుళముల అల్యూమినియం ఫ్రేము. హెడ్ ట్యూబు నేరైనది. వెనుక ఇరుసు 135. సీటు పోస్టు 27.2, ముందు మూడు, వెనుక ఎనిమిది పండ్లచక్రములు, క్యాసెట్ పద్ధతి, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, ముందు ఉక్కు స్ప్రింగు గల 100 మిల్లీమీటర్ల ఫోర్కు. ఈ కొలతలను ప్రక్కన పెట్టుకొని జాబితాను ఒక్కొక్కటిగా పరిశీలించితిమి.

కార్బన్ హ్యాండిలుతో మొదలుపెట్టెదము, అది అతనికి ప్రియమైనది గనుక. మామూలు అల్యూమినియం హ్యాండిలుకంటె అది సుమారు నూరు గ్రాములు తేలిక. ఏటవాలుగా ఎక్కునపుడు వేగము తక్కువ. గాలి అడ్డంకి స్వల్పము. శక్తిలో అధిక భాగము బరువును పైకెత్తుటకే పోవును. మనిషి 65 కిలోలు, సైకిలు 14, నీరు, బూట్లు, హెల్మెట్ కలిసి ఒక కిలో అనుకొన్న మొత్తము 80. ఒక కిలో తగ్గిన అది నూటికి ఒకటింబావు వంతు. అరగంట ఎక్కుటలో 1800 సెకనులుండగా, ఒక కిలోకు సుమారు 22 సెకనులు కలిసివచ్చును. నూరు గ్రాములకు రెండు సెకనులు. చక్రముల బరువు రెట్టింపు లెక్కకు వచ్చునని దుకాణములలో చెప్పుదురు. రిమ్ము, టైరు బరువు విషయమున అది సుమారుగా నిజమే, కాని వేగము పెంచునపుడు మాత్రమే. ఒకే వేగముతో ఎక్కుచున్నపుడు రిమ్ముపై నూరు గ్రాములు, జేబులో నూరు గ్రాములు ఒక్కటే.

రెండు సెకనులు తక్కువా అని అబ్బాయి వాదించెను. వాదనలో బలము లేకపోలేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో చెక్ దేశీయుడు యరొస్లావ్ కుల్హావీ, స్విట్జర్లాండ్ దేశీయుడు నీనో షుర్టర్‌ను ఒక్క సెకను తేడాతో ఓడించెను. గెలిచినవాని సైకిలు ఫుల్ సస్పెన్షన్, ఓడినవానిది హార్డ్‌టెయిల్. అంతమాత్రమున హార్డ్‌టెయిల్ ఓడెననుట తొందరపాటు. దాదాపు చివరివరకు అది ముందంజలోనే యుండెను. కాని ఒక్క సెకనుతో తేలునది ఒలింపిక్ వీరుల పోటీ. మన పోటీలలో పంక్చరు ఒక్కటి అయిదు నిమిషములను మ్రింగివేయును. అందువలన మా దృష్టి హ్యాండిలునుండి నేలవైపు మరలినది.

నేలను తాకునది టైరు ఒక్కటే. ఫోర్కు, ఫ్రేము, సీటు అన్నియు దాని పైననే ఆధారపడును. ట్యూబు గల టైరులో 65 కిలోల మనిషి సుమారు 30 పి.ఎస్.ఐ. గాలి పెట్టవలసియుండును. అంతకు తగ్గించిన యెడల రాతిపై కొట్టుకొన్నపుడు ట్యూబు రాతికి రిమ్ముకు మధ్య నలిగి, పాము కరచినట్లు జంట రంధ్రములు పడును. ట్యూబులెస్ పద్ధతిలో నలుగుటకు ట్యూబే లేదు. ముందు 20, వెనుక 22 లేక 23 పి.ఎస్.ఐ. చాలును. గాలి తగ్గిన టైరు రాతిమీద తాను అణగి మనిషిని ఎగురనీయదు. గట్టి టైరు ప్రతి రాతికి సైకిలును పైకి లేపును. అట్లు లేపుటకు పోయిన శక్తి మన కాళ్లదే. కావున గుంతల బాటలో గట్టి టైరే వేగమైనదను నమ్మకము పొరపాటు. వెనుక సస్పెన్షన్ లేని హార్డ్‌టెయిల్‌కు వెనుక టైరే సస్పెన్షన్ అని చెప్పవచ్చును. మలుపులలో పట్టు పెరుగును, దిగునపుడు ధైర్యము పెరుగును.

మన తెలంగాణ నేలకు మరియొక కారణము గలదు. సర్కారు తుమ్మ ముల్లు లేని బాట మనకు లేదు. ట్యూబులెస్ టైరు లోపల పోయు రబ్బరు పాల వంటి సీలెంటు, ముల్లు గ్రుచ్చినచోట గాలితో పాటు బయటికి వచ్చి గడ్డకట్టి రంధ్రమును మూసివేయును. 29 అంగుళముల టైరుకు సుమారు నూరు మిల్లీలీటర్లు అవసరము. మన వేసవిలో అది త్వరగా ఎండిపోవును గనుక రెండు మూడు నెలలకొకసారి చూచి పోయవలెను. ఇది మరచిన వారే ట్యూబులెస్ పనికిరాదని చెప్పుచుందురు. ఒక హెచ్చరిక: రిమ్ము ట్యూబులెస్‌కు తగినట్లు చేయబడినదై యుండవలెను. కాని రిమ్ముకు టేపులు చుట్టి బలవంతముగా ఎక్కించిన యెడల మలుపులో టైరు అంచు జారి గాలి ఒక్కసారిగ పోవును. ఎముకలు విరుగు ప్రమాదము. మా విద్యార్థి రిమ్ములు అదృష్టవశమున తగినవే.

టైరు ఎంపికలో ముందు వెనుకలు సమానముగా నుండనవసరము లేదు. ముందు చక్రము జారిన మనిషి పడును. వెనుక చక్రము జారిన సాధారణముగా సర్దుకొనవచ్చును. కావున ముందు కొంచెము లోతైన గుబ్బలు గల 2.35 వెడల్పు, వెనుక వేగముగ దొర్లు 2.25 వెడల్పు టైరు తెప్పించితిమి. పోటీకి, కొండబాటకు రెండింటికిని ఈ జత సరిపోవును.

తరువాత గేర్లు. పండ్రెండు గేర్ల సెట్టుతో కొండ సులువుగా ఎక్కవచ్చునని అతని ఆశ. లెక్క చూతము. అతని పాత సైకిలులో ముందు చిన్న చక్రమునకు 22 పండ్లు, వెనుక పెద్ద చక్రమునకు 34. 22ను 34తో భాగించిన 0.65. కొత్త సెట్టులో ముందు 32, వెనుక 51, భాగించిన 0.63. సులువు పెరిగినది నూటికి మూడు వంతులే. ముందు 30 పండ్లది వేసికొన్న 0.59 వచ్చును, అపుడు తేడా తెలియును. కాని దిగువన వేగము తగ్గును. కొత్త సెట్టులో నిజమైన మేలు మరియొకటి. ముందు గేరు మార్చు మీట ఉండదు, ఒంటి పండ్లచక్రము ఎగుడుదిగుడు పండ్లతో చైనును పట్టియుంచును, వెనుక డిరైలర్‌లోని బిగువు చైనును ఊగనీయదు. గుంతలలో చైను పడిపోవుట దాదాపు ఆగిపోవును. ఇది విలువైన లాభమే. అయితే 10 పండ్లతో మొదలగు క్యాసెట్ పాత హబ్బుపై కూర్చుండదు. దానికి వేరు గాళ్ల హబ్బు కావలెను, అనగా వెనుక చక్రమునకే ఖర్చు. 11 పండ్లతో మొదలగు పది, పదకొండు గేర్ల సెట్లు పాత హబ్బుకే పట్టును. మార్చవలసివచ్చిన అతనికి అదియే మార్గము. ప్రస్తుతము ఎనిమిది గేర్లును చక్కగా పనిచేయుచున్నవి. చైను మాత్రము సాగినది, దానిని మార్చితిమి.

ఫోర్కు విషయము కష్టమైనది. అతని ఉక్కు స్ప్రింగు ఫోర్కు సుమారు రెండున్నర కిలోలు. మంచి గాలి ఫోర్కు ఒక కిలో వరకు తేలిక. గాలి ఫోర్కులో మన బరువుకు తగినట్లు గాలి పెట్టి, కూర్చున్నపుడు 100 మిల్లీమీటర్లలో 15 నుండి 20 వరకు దిగునట్లు అమర్చుకొనవచ్చును. స్ప్రింగు ఫోర్కులో ఆ వీలు స్వల్పము. సైకిలు నడక టైరు తరువాత ఎక్కువగ మారునది ఫోర్కుతోనే. కాని నేరు హెడ్ ట్యూబుకు సరిపోవు మంచి ఫోర్కులు నేడు అరుదు. దొరికినను రేపు కొనబోవు సైకిలుకు అవి ముఖ్యముగ పనికిరావు.

మరికొందరు 100కు బదులు 120 మిల్లీమీటర్ల ఫోర్కు వేసిన కొండబాట సైకిలగునని అందురు. దీనికి గూడ లెక్క గలదు. రెండు ఇరుసుల మధ్య దూరము 1120 మిల్లీమీటర్లు అనుకొందము. ముందు భాగము దాదాపు 19 మిల్లీమీటర్లు లేచును. 19ని 1120తో భాగించిన 0.017 రేడియన్లు, అనగా సుమారు ఒక డిగ్రీ. హెడ్ ట్యూబు నేలతో చేయు కోణము పాత పోటీ సైకిళ్లలో 70, 71 డిగ్రీలు. నేటి క్రాస్ కంట్రీ సైకిళ్లలో 67, 68. కొండబాట హార్డ్‌టెయిళ్లలో 64 నుండి 66. కోణము తగ్గినకొలది ముందు చక్రము దూరముగ జరిగి, దిగునపుడు సైకిలు నిలకడగ నడచును. ఎక్కునపుడు, ఇరుకు మలుపులలో కొంత బద్ధకించును. ఇరువది మిల్లీమీటర్ల ఫోర్కుతో వచ్చునది ఒక్క డిగ్రీ మాత్రమే; 70 డిగ్రీల సైకిలు 69 అగును గాని 66 కాదు. పైగా సీటు వెనుకకు వాలును, పెడళ్లు ఎత్తగును, ఫ్రేము తయారుచేసినవారు అనుమతించిన పొడవు దాటిన ఫ్రేము పగులు భయము. కోణమును కొనదలచినవారు ఫ్రేమునే కొనవలెను.

దిగు సీటు పోస్టు కొండబాటలో సుఖము. సీటు అడ్డు లేక శరీరమును వెనుకకు, క్రిందికి తెచ్చుకొనవచ్చును. 27.2 లావులో రకములు కొన్నియే. ఆ పోస్టు 30.9 ఫ్రేముకు సన్నని తొడుగుతో పనికివచ్చును గనుక పూర్తిగ నష్టము కాదు. అయినను తొలి ఏడు అవసరము లేదనుకొంటిమి. బ్రేకులకు కొత్త ప్యాడ్లు చాలినవి.

ఇంతవరకు చూచినదానినుండి జాబితా తనంతట తానే రెండుగా విడిపోయినది: పాత సైకిలుతో పాటే అంతమగునవి, కొత్త సైకిలుకు వెంట వచ్చునవి. నేరు కాడ ఫోర్కు, 135 ఇరుసు చక్రములు మొదటి వరుసలోనివి. వానిపై ఒక్క రూపాయియు వెచ్చింపవలదని చెప్పితిమి. టైర్లు, పెడళ్లు, బూట్లు రెండవ వరుసలోనివి. బూటు అడుగున ఇనుప బిళ్ల పెడల్‌లో పట్టుకొను పద్ధతిని 1990లో షిమానో వారు కొండ సైకిళ్లకు తెచ్చిరి; రాళ్లబాటలో పాదము జారదు. మొదటి వారము ప్రతి విద్యార్థియు ఒకసారి నిలిచినచోటనే ప్రక్కకు పడును. మెత్తని పచ్చికపై అభ్యసించుట మేలు.

టైర్లకు, టేపుకు, సీలెంటుకు, పెడళ్లకు, బూట్లకు, చైనుకు, ప్యాడ్లకు కలిపి అతనికి పందొమ్మిది వేలయినది. మిగిలిన పదకొండు వేలు బ్యాంకులో వేసినాడు, కొత్త సైకిలు నిమిత్తము. అపుడు ఏ హెడ్ ట్యూబు, ఏ ఇరుసు చూడవలెనో అతనికి ఇక చెప్పనవసరము లేదు.

కమిటీ పెద్దలకు ఒక మనవి. క్రీడా విభాగమునకు సైకిళ్లు కొను ఆలోచన గలదని వింటిమి. కొనునపుడు గేర్ల సంఖ్యను చూచి కొనవలదు. క్రిందికి వెడల్పగు హెడ్ ట్యూబు, 148 మిల్లీమీటర్ల లావు ఇరుసు, ట్యూబులెస్ రిమ్ములు గల సాదా హార్డ్‌టెయిల్‌ను, ఆడపిల్లలు గూడ నడుపగలుగునట్లు రెండు పరిమాణములలో, తీసికొనిన యెడల భాగములు అరిగినకొలది మార్చుకొనుచు పదేండ్లు నడపవచ్చును. ఒక పంపు, ఒక గాలి కొలత మీటరు తప్పక యుండవలెను. బొటనవ్రేలితో నొక్కి చూచుట 20కి 30కి తేడా చెప్పదు.

గత మాసమున అనంతగిరి ఎర్రమొరము బాటలో అతనితో మేమును తిరిగివచ్చితిమి. వెనుక టైరులో నాలుగు ముండ్లు దొరికినవి, గాలి దిగలేదు. దిగువలలో అతడు మాకంటె చాల ముందుండెను. జాబితా కాగితము మాత్రము ఇంకను అతని జేబులోనే గలదు; కార్బన్ హ్యాండిలును అతడు కొట్టివేయలేదు.